బుజ్జమ్మా, ‘అవును, ఇవ్వలేదు’ అనకు

బుజ్జమ్మా,

విదేశాల్లో పనికి వెళ్లే నర్సులు రాసే ఇంగ్లీషు పరీక్ష, ఓఈటీకి ఫీజు కట్టేశావట. స్పీకింగ్ తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందని, ఇంకో కోచింగులో చేరనా అని అడుగుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చేరితే చేరు. దానికి ముందు ఇది చదువు. గుంటూరులో తెలుగు మీడియంలో చదువుకుని, 16 ఏళ్లు ఇంగ్లండులో, యార్క్‌షైర్ ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా తిరిగినదాన్ని. నా ఇంగ్లీషుకు ఈనాటికీ గుంటూరు వాసన పోలేదు. అయినా పని గడిచింది. ఎక్కడెక్కడ గడవలేదో అవి మాత్రం నీకు చెప్పాలి.

వెళ్లిన మొదటి నెలలో ఒకరోజు నైట్ డ్యూటీ దిగుతున్నాను. పగటి డ్యూటీకి వచ్చిన సిస్టర్, ‘యూ హ్యావెంట్ గివెన్ హర్ ద సిక్స్ ఓ క్లాక్ డోస్?’ అని అడిగింది. నేను ‘యెస్’ అన్నాను. నా మనసులో ఉన్నది ‘అవును, ఇవ్వలేదు’. ఆవిడ విన్నది ‘ఇచ్చాను’. చార్టులో నా సంతకం కనపడక మళ్లీ అడిగింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ముసలావిడకు మందు తప్పిపోయేదే. మనం ఎదుటివాళ్ల మాటకి అవును అంటాం. వాళ్లు జరిగిందా లేదా అన్నదానికి యెస్, నో చెప్తారు. ఆ రోజు నుంచి అలాంటి ప్రశ్నకి ఒక్క ముక్కతో జవాబు చెప్పడం మానేశాను. ‘నో, ఐ హ్యావెంట్. ఐ వాజ్ వెయిటింగ్ ఫర్ ద డాక్టర్’ అని వాక్యమంతా చెప్పేదాన్ని. నువ్వూ ఇవాళ్టి నుంచే మొదలుపెట్టు. ‘అన్నం తినలేదా?’ అని మీ అమ్మ అడిగినప్పుడు కూడా.

గ్రామరు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలని కూర్చోకు. నర్సుకు ముందు కావాల్సింది ప్రశ్న అడగడం. ‘ఎన్నాళ్ల నుంచి ఉంది నొప్పి?’ అనేదాన్ని మనం ‘ఫ్రమ్ హౌ మెనీ డేస్ పెయిన్ ఈజ్ దేర్?’ అని దించేస్తాం. వాళ్లు ‘హౌ లాంగ్ హ్యావ్ యూ హ్యాడ్ దిస్ పెయిన్?’ అంటారు. మన వాక్యంలో ‘నుంచి’ ఉండి, ఆ బాధ ఇంకా తగ్గలేదంటే ఇంగ్లీషులో ‘హ్యావ్’ రావాలని గుర్తుపెట్టుకో. జవాబులో సోమవారం నుంచి అయితే ‘సిన్స్ మండే’, మూడు రోజుల నుంచి అయితే ‘ఫర్ త్రీ డేస్’. ఇంకొకటి. ‘వేర్ ఈజ్ ద పెయిన్?’ సరైనదే. అదే ముందు ‘కెన్ యూ టెల్ మీ’ తగిలిస్తే ‘వేర్ ద పెయిన్ ఈజ్’ అని తిరగబడుతుంది. నోటికి అలవాటయ్యేదాకా రెండూ పక్కపక్కనే చెప్పుకో. ఎ, యాన్, ద తప్పులు నాకు రిటైరయ్యేదాకా పోలేదు, ఏ పేషెంటూ పట్టించుకోలేదు.

ఇక ఉచ్చారణ. యాస మార్చుకోవాలని తాపత్రయపడకు. అక్కడ మా వార్డులో చాలామంది బస్సును ‘బుస్’ అనేవాళ్లు, ఉత్తర ఇంగ్లండు వాళ్ల తీరే అది. నువ్వు పట్టించుకోవాల్సింది మాట మాటలా వినపడుతోందా అని. అన్నిటికన్నా ముఖ్యం ఒత్తు, అంటే మాటలో బరువు ఎక్కడ పడుతుందన్నది. మన తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో నడుస్తాయి. ఇంగ్లీషులో ఒకదాని మీద బరువు పడి, మిగతావి నలిగిపోతాయి. మనం పారాసిటమాల్ అని సమంగా పలుకుతాం. అక్కడ ‘ప్యారసీటమాల్’, బరువంతా ‘సీ’ మీద. ఫిఫ్టీ అన్నప్పుడు బరువు ‘ఫిఫ్’ మీద ఉంటుంది, ఫిఫ్టీన్ అన్నప్పుడు ‘టీన్’ మీద. సమంగా పలికితే 15 మిల్లీగ్రాములో 50 మిల్లీగ్రాములో ఫోన్లో తెలియదు. అందుకే మందు మోతాదు చెప్పేటప్పుడు ‘ఫిఫ్టీన్, వన్ ఫైవ్’ అని అంకెలు విడదీసి మళ్లీ చెప్పు. ఇది మన యాసకి చిట్కా కాదు, అక్కడి నర్సులూ అలాగే చెప్తారు. డిక్షనరీలో బరువు పడే చోటుకి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. అర్థం చూసే ముందు ఆ గీత చూడు, ఆ చోట బల్ల మీద వేలితో కొట్టు.

శబ్దాల కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, సగం మన నోట్లోనే ఉన్నాయి. మేక అన్నప్పుడు నోరు ఎలా తెరుచుకుంటుందో చూడు, బ్యాక్ పెయిన్‌లో ‘బ్యా’ అదే. ‘డిజీ’ (కళ్లు తిరగడం), ‘వీజ్’ (పిల్లికూతలు) లాంటి మాటల్లో జీతంలోని జ పలికితే కుదరదు. జడలోని జ తీసుకో. నాలుక పైకి ఆనకుండా, తేనెటీగ మోతలా లాగు. ‘వామిట్’ అనేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగలాలి. ‘వార్డ్’ అనేటప్పుడు పళ్లతో పని లేదు, పెదాలు గుండ్రంగా చుట్టాలి. ‘పిల్’, ‘పెయిన్’ అనేటప్పుడు పెదాల ముందు కాగితం ముక్క పట్టుకో, అది కదలాలి. కదలకపోతే వాళ్లకి ‘బిల్’ అని వినపడుతుంది. ‘ఎగ్’ని యెగ్గు చేయకు. మాట చివర ఉ తగిలించకు. మనకి మాటను అచ్చుతో ముగించకపోతే తోచదు కదా!

మాటల దగ్గరే నీకు అసలు పని ఉంది. కోచింగు వాళ్లిచ్చిన పెద్ద పెద్ద మాటల జాబితా పక్కన పడెయ్. జబ్బుల పేర్లు నీకు నర్సింగులోనే వచ్చాయి. రానివి పేషెంట్ల మాటలు. ఒంట్లో బాగాలేదంటే ‘ఐ ఫీల్ పూర్లీ’ అంటారు. ‘వాటర్‌వర్క్స్’ అంటే మూత్రం సంగతి. ఇంజెక్షన్ ‘జ్యాబ్’. ఆ ఊళ్లలో ‘టీ’ అంటే చాలామందికి సాయంత్రం భోజనం. అది తెలియక నేను ఒక పెద్దాయనకి కప్పు టీ ఒక్కటే తెచ్చిపెట్టాను, పాపం ఆకలితో నావంక అలాగే చూశాడు. ‘మోషన్ అయిందా?’ అని నేరుగా అడిగితే చాలామందికి అర్థం కాదు. ‘హ్యావ్ యూ ఓపెన్డ్ యువర్ బవెల్స్ టుడే?’ అనాలి. మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటలతోనే ఎక్కువ చిక్కు. కరెంటు పోయిందంటే ‘పవర్’ అనాలి, కవరంటే వాళ్లకి సంచీ కాదు. ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ గుంటూర్’ అని నేను చదువు సంగతి చెప్తే, నేను స్పృహ తప్పి పడిపోయాననుకుని నా పక్కనున్న పిల్ల కంగారుపడింది.

నువ్వు ఇప్పుడు పనిచేసే వార్డులోనే దీనికి కావాల్సిందంతా ఉంది. రోజుకు అయిదు మాటలు, పేషెంట్లు తెలుగులో ఎలా అన్నారో అలాగే నోటుబుక్కులో రాసుకో. రాత్రికి పక్కన ఇంగ్లీషు మాట వెతుకు. నావి కొన్ని ఇస్తున్నాను. కళ్లు తిరుగుతున్నాయి: ‘ఐ ఫీల్ డిజీ’. గుండె దడగా ఉంది: ‘మై హార్ట్స్ రేసింగ్’. కాలు తిమ్మిరెక్కింది: ‘ఐ హ్యావ్ గాట్ పిన్స్ అండ్ నీడిల్స్ ఇన్ మై లెగ్’. పొలమారింది: ‘ఇట్ వెంట్ డౌన్ ద రాంగ్ వే’. ఒంటరి మాటకి అర్థం రాసుకుంటే నిలవదు, వాక్యంగా రాసుకుంటేనే నోటికి వస్తుంది. ‘కాళ్లు గుంజుతున్నాయి’కి సరైన మాట నాకు ఇంతవరకు దొరకలేదు. ‘ఏకింగ్’ అనేదాన్ని, కానీ గుంజడం వేరు.

రాసుకున్నవాటిని ఫోన్లో రికార్డు చేసుకుని విను. మొదట నీ గొంతు నీకే నచ్చదు, అందరికీ అంతే. డిక్షనరీ యాప్‌లో గొంతు ఒకసారి, నీది ఒకసారి. పది నిమిషాలు చాలు, కానీ రోజూ.

స్పీకింగ్ పరీక్షలో రోల్‌ప్లేలు రెండు, అంటే నువ్వు నర్సువి, ఎదుటివాళ్లు పేషెంటో, పేషెంటు తాలూకు మనిషో. ఒక్కోటి సుమారు అయిదు నిమిషాలు. బట్టీ పట్టిన వాక్యాలు వరసగా అప్పజెప్పకు. అవతలివాళ్లు చెప్పేది విని, దాని మీదే అడుగు. అర్థం కాకపోతే ‘సారీ, కుడ్ యూ సే దట్ ఎగెయిన్?’ అను. వార్డులో నేను రోజుకు ఇరవైసార్లు అనేదాన్ని.

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తాను. నేను పేషెంటుని, జబ్బేంటో ముందు చెప్పను. మీ అమ్మను పక్కన కూర్చుని నవ్వొద్దని చెప్పు.

మీ పెద్దమ్మ