బొటనవేలి వాపు: నాన్నగారి నుంచా, చేపల పులుసు నుంచా?

మీ నాన్నగారికి గౌట్ (రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్లలో పేరుకుని వాచే జబ్బు) ఉంది, నలభై దాటగానే మీ బొటనవేలూ వాచింది. తప్పు వంశానిదా, కావలిలో పెళ్లి భోజనానిదా అని అడిగారు. రెండిటిదీ, కానీ పెద్ద వాటా వంశానిదే.

రక్తంలోని యూరిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం శరీరం తయారు చేసుకునేదే. దాన్ని బయటకు పంపే పనిలో సుమారు మూడింట రెండు వంతులు మూత్రపిండాలది. అవి ఎంత చురుగ్గా పంపుతాయన్నది చాలావరకు జన్యువుల మీద ఆధారపడుతుంది. అందుకే అదే పంక్తిలో అదే పులుసు తిన్న మీ బావగారు తెల్లారి హాయిగా నడిచారు, మీరు దుప్పటి అంచు తగిలినా కేక వేశారు.

ఆ దుప్పటి బాధ నాకూ తెలుసు. ఎవరో చెప్పారని ఏడాది పాటు కందిపప్పు మానేశాను, శుద్ధ దండగ! పప్పులు, ఆకుకూరలతో ముప్పు పెరగదు. తగ్గించవలసినవి బీరు, కార్జం, నెత్తళ్లు, రొయ్యలు, తీపి శీతల పానీయాలు. అయితే పథ్యంతో తగ్గేది కొద్దిగానే. దాడులు మళ్లీ మళ్లీ వస్తుంటే అల్లోప్యూరినాల్ వంటి మందు అవసరమవుతుంది. యూరిక్ ఆమ్లం డెసీలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తానికి 6 మిల్లీగ్రాముల లోపు ఉండేలా చూస్తారు.

వాపు ఉన్నప్పుడు చేసిన పరీక్షలో మామూలుగా వచ్చిందని నమ్మకండి, తగ్గాక రెండు వారాలకు మళ్లీ చేయించండి. జ్వరం కూడా ఉంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, అది కీలులో చీము కావచ్చు. వెళ్లేటప్పుడు మీ రక్తపోటు మాత్రల అట్ట తీసుకెళ్లండి. మూత్రం ఎక్కువ చేసే కొన్ని మాత్రలు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి.