టమాటాలో ఎండు తెగులు: బ్యాక్టీరియాను చంపే వైరస్‌లు పనిచేస్తాయా?

ప్రశ్న: టమాటా నాటి 40 రోజులైంది. పూత మీదున్న మొక్కలు ఉన్నట్టుండి పచ్చగానే వాడిపోతున్నాయి. సాయంత్రానికి కాస్త తేరుకున్నట్టే ఉంటాయి, నాలుగైదు రోజుల్లో పూర్తిగా వాలిపోతున్నాయి. కాపర్ ఆక్సీక్లోరైడ్ మొదళ్ళలో పోశాను, యాంటీబయాటిక్ మందు కూడా కొట్టాను. ఏమీ తగ్గలేదు. బ్యాక్టీరియాను చంపే వైరస్‌లు ఉన్నాయని, అవి పోస్తే తెగులు ఆగుతుందని ఒకరు చెప్పారు. అసలే ఆకుముడత వైరస్‌తో విసిగిపోయి ఉన్నాను, ఇంకో వైరస్‌ను చేతులారా పొలంలోకి తెచ్చుకోవాలంటే భయంగా ఉంది. నిజంగా పనిచేస్తాయా? ఎండిన మొక్కలు నానబెట్టి మనమే తయారుచేసుకోవచ్చట, అదెలాగో చెప్పండి.

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు బదులిస్తాను, ఆలస్యమైతే నష్టపోయేది మీరే. ఎండిన మొక్కలు నానబెట్టిన నీళ్ళు దయచేసి పొలంలో పోయకండి. అందులో మీకు కావలసిన వైరస్‌లు ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు. తెగులు బ్యాక్టీరియా మాత్రం కోట్లలో ఉంటుంది. గుడ్డతో ఎన్నిసార్లు వడగట్టినా అది ఆగదు. ల్యాబ్‌లో 0.2 మైక్రాన్ల సన్న రంధ్రాలున్న ఫిల్టర్ వాడితేనే బ్యాక్టీరియా పైన నిలిచి వైరస్‌లు కిందికి దిగుతాయి. అలా దిగినవన్నీ మంచివేనా అంటే అదీ కాదు. ఎండు తెగులు బ్యాక్టీరియాలో చేరి, దాన్ని చంపకుండా మరింత ఉధృతంగా తెగులు తెప్పించే దారపు పోగు లాంటి వైరస్‌లూ ఉన్నాయి. ఏది చంపుతుందో, ఏది పెంచుతుందో పరీక్షించి తేల్చాల్సిందే. ఇంటి దగ్గర చేసుకునే పని కాదిది.

ఇక మీ భయం గురించి. ఆకుముడత వైరస్ మొక్క కణంలో పెరుగుతుంది, తెల్లదోమ దాన్ని మోసుకొస్తుంది. మనం మాట్లాడుకుంటున్నది వేరే జాతి. వీటిని బ్యాక్టీరియోఫేజ్‌లు అంటారు, వాడుకలో ఫేజ్‌లు. ఒక్కో ఫేజ్ ఒక రకం బ్యాక్టీరియా పైపొరను మాత్రమే గుర్తుపట్టి అతుక్కుంటుంది. మొక్క కణానికి గానీ, తేనెటీగకు గానీ, మనిషికి గానీ అది అంటుకోలేదు. మట్టిలో, చెరువు నీటిలో, మనం తినే కాయగూరల మీద, మన పేగుల్లో కూడా ఫేజ్‌లు ఎప్పటినుంచో ఉన్నాయి. మీ పొలానికి అవి కొత్త చుట్టాలేమీ కాదు.

అతుక్కున్న ఫేజ్ తన డీఎన్‌ఏను లోపలికి దించి, బ్యాక్టీరియా చేతనే తన పిల్లలను తయారు చేయించుకుంటుంది. కొన్ని ఫేజ్‌లకు అరగంట, కొన్నింటికి కొన్ని గంటలు పడుతుంది. ఆ తర్వాత బ్యాక్టీరియా పగిలి పదుల నుంచి వందల కొత్త ఫేజ్‌లు బయటపడతాయి. ల్యాబ్‌లో ఇది కంటికే కనిపిస్తుంది. గాజు పళ్ళెంలో బ్యాక్టీరియాను పలుచగా పరిస్తే తెల్లారేసరికి పాలమీగడ లాంటి పొర కడుతుంది. దాని మీద ఫేజ్ చుక్క వేసిన చోట మాత్రం వెలుతురు దూరేంత తేటగా గుండ్రటి ఖాళీ మిగులుతుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, పొద్దున్నే పళ్ళెం తెరిచి ఆ ఖాళీ కనబడితే నాకు ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఇది నిన్నమొన్నటి మాట కాదు. ఫేజ్‌లను 1915లో ఇంగ్లండ్‌లో ట్వార్ట్, 1917లో ఫ్రాన్స్‌లో డెరెల్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా కనిపెట్టారు. 1924కల్లా కుళ్ళిన క్యాబేజీ నుంచి తీసి వడగట్టిన ద్రవం ఆ తెగులు బ్యాక్టీరియాను అణచేస్తోందని అమెరికాలో గమనించారు. తర్వాత యాంటీబయాటిక్‌లు, రాగి మందులు వచ్చి దీన్ని పక్కకు నెట్టేశాయి. రాగిని తట్టుకునే బ్యాక్టీరియా పుట్టుకొచ్చాక మళ్ళీ ఇటు చూశారు. టమాటా, మిరపలో ఆకు మచ్చ తెగుళ్ళకు అగ్రిఫేజ్ అనే ఫేజ్ మందుకు అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. మీ ఎండు తెగులు విషయానికొస్తే, 2019లో చైనాలోని నాన్‌జింగ్ శాస్త్రవేత్తలు టమాటాలో రకరకాల ఫేజ్‌లను కలిపి పోసి, గ్రీన్‌హౌస్‌లోనూ పొలంలోనూ తెగులును 80 శాతం దాకా తగ్గించగలిగారు. ‘దాకా’ అన్నాను, గమనించండి. ప్రతిచోటా అంత తగ్గుతుందని కాదు.

ఆ ప్రయోగంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఒకే ఫేజ్ వాడితే కొన్నాళ్ళకు బ్యాక్టీరియా తట్టుకోవడం నేర్చుకుంటుంది. అందుకే మూడు నాలుగు కలపాలి. అయితే ఫేజ్‌ల నుంచి తప్పించుకోవాలంటే బ్యాక్టీరియా తన పైపొరను మార్చుకోవాలి. మొక్కను జబ్బు పరచడానికి దానికి కావలసిందీ చాలావరకు ఆ పైపొరే. కాబట్టి తప్పించుకున్నవి తరచూ బలహీనపడి, మట్టిలో మిగతా బ్యాక్టీరియాతో పోటీ పడలేకపోతాయి. మామూలు మందులకు అలవాటు పడిన తెగులులో ఈ సౌలభ్యం అంతగా చూడం.

మరి ఇబ్బందులేమిటి? ఫేజ్ ముందుజాగ్రత్తకే గానీ వైద్యానికి కాదు. వాడిపోయిన మొక్కలో నీటి నాళాలు అప్పటికే జిగురుతో పూడిపోయి ఉంటాయి. లోపలి బ్యాక్టీరియా చచ్చినా నాళం తెరుచుకోదు. నారు నాటేటప్పుడు, తెగులు కనబడక ముందే వేళ్ళ దగ్గర ఫేజ్ ఉండాలి. ఇక ఆకు మీద కొట్టే ఫేజ్‌లకు ఎండే శత్రువు. పొద్దున కొడితే మధ్యాహ్నానికి చాలావరకు నశిస్తాయి. పొద్దు వాలాక కొడితే రాత్రంతా పనిచేసుకుంటాయి. వెన్న తీసిన పాలపొడి కలిపితే ఎక్కువసేపు నిలుస్తాయని ఫ్లోరిడాలో టమాటా మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. రాగి మందు ఉన్న ట్యాంకులో ఫేజ్ కలపకూడదు, రాగి వాటిని పనికిరాకుండా చేస్తుంది. క్లోరిన్ నీళ్ళూ అంతే. డబ్బాను చల్లటి చోట ఉంచాలి, ఎండలో గట్టు మీద పెట్టి మరిచిపోతే లోపల మిగిలేది ఉత్త నీళ్ళే.

వీటన్నిటికంటే ముందు తెగులు ఏదో తేల్చుకోవాలి. శిలీంద్రంతో వచ్చే వడలు తెగులైతే ఏ ఫేజూ పనిచేయదు. అందులో సాధారణంగా కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. మీ మొక్కలు పచ్చగానే వాడుతున్నాయి కాబట్టి నా అనుమానం ఎండు తెగులు తెచ్చే రాల్‌స్టోనియా అనే బ్యాక్టీరియా మీదే. మీరే చూసుకోవచ్చు. కొత్తగా వాడిన మొక్క మొదలు దగ్గర జానెడు కాండం కోయండి. గాజు గ్లాసులో తేటనీళ్ళు పోసి, కోసిన కొన నీళ్ళలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. బ్యాక్టీరియా అయితే కొద్ది నిమిషాల్లో కొన నుంచి తెల్లటి పొగలాంటి దారాలు కిందికి జారుతాయి. ఆ నీళ్ళు పొలంలో పారబోయకండి, మరగబెట్టి పారేయండి.

ఈ పంటలో ఇప్పుడు చేయాల్సింది: వాడిన మొక్కలను వేరుతో, వేరుమట్టితో సహా తవ్వి సంచిలో వేసి బయటికి తెచ్చి కాల్చేయండి. సాళ్ళ వెంట ఈడ్చుకు రావద్దు. సాలు పొడవునా నీరు పారిస్తే తెగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పడవెక్కినట్టు వెళ్తుంది. డ్రిప్ ఉంటే దాంతోనే సన్నగా ఇవ్వండి. తెగులున్న భాగంలో పని చివర చేసి, పార, కొడవలి కడుక్కోండి. యాంటీబయాటిక్ మళ్ళీ కొట్టవద్దు. నాళాల్లో ఉన్న బ్యాక్టీరియాను అది చేరదు, పైగా మనుషుల వైద్యానికి కావలసిన మందులకు సూక్ష్మజీవులను అలవాటు చేసినవాళ్ళమవుతాం. వచ్చే పంటగా ఆ చెక్కలో మొక్కజొన్న గానీ జొన్న గానీ వేయండి. వంగ, మిరప, బంగాళాదుంప జోలికి పోవద్దు, వాటికీ ఇదే తెగులు వస్తుంది. మళ్ళీ టమాటాయే వేయాలనుకుంటే, తెగులును తట్టుకునే వంగ మొదలు మీద అంటుకట్టిన నారు ఇవాళ మీ చేతికందే గట్టి రక్షణ.

ఫేజ్ మందు వాడాలనుకుంటే మాత్రం, అది మీ పొలంలోని బ్యాక్టీరియా మీద పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించమని అడగండి. ఒక చోట చంపిన ఫేజ్ ఇంకో చోటి రకాన్ని ముట్టుకోకపోవచ్చు. దానికి మీ నమూనా కావాలి. ఈరోజే వాడడం మొదలైన మూడు నాలుగు మొక్కలను వేళ్ళతో తవ్వి, మట్టి దులిపి, పొడి కాగితంలో చుట్టి, దగ్గర్లోని తెగుళ్ళ పరీక్షాకేంద్రానికి అదే రోజు చేర్చండి. తడి గుడ్డలో చుట్టినా, పాలిథీన్ సంచిలో బిగించినా దారిలోనే కుళ్ళి, అసలు బ్యాక్టీరియాకు బదులు కుళ్ళు బ్యాక్టీరియా దొరుకుతుంది. పూర్తిగా ఎండిన మొక్క తేవద్దు.