ఇసుక తిన్నెల్లో కాలినడక

ప్రశ్న: ప్రాణహిత ఇసుకలో నడిచిన అలవాటుతో, జైసల్మేర్ దగ్గరి ఎడారిలో రెండు రోజులు కాలినడకన తిరగాలనుకుంటున్నాము. ఎప్పుడు వెళ్లాలి, ఏమి తీసుకెళ్లాలి?
– ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. అయితే సిరొంచ చలిని బట్టి దుప్పట్లు సర్దుకుంటే ఇబ్బంది పడతారు. ఎడారిలో గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు తక్కువ కావడం వల్ల పగలు కాగిన ఇసుక పొద్దుగూకగానే త్వరత్వరగా చల్లారిపోతుంది. మనిషికి రోజుకు 4–5 లీటర్ల నీరు ఉంచుకోండి. గాలి తాకే వైపు వాలు గట్టిగానూ, చాటు వాలు వదులుగానూ ఉంటుంది కనుక, ఏటి ఇసుకలో లాగా అడ్డంగా నడవక, తిన్నె అంచు వెంబడి సాగడం మేలు. జైసల్మేర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సమ్ తిన్నెల వద్ద సందడి ఎక్కువ. అందుకే మా ఓటు ఖూరీ అనే ఊరి దగ్గరి తిన్నెలకే. దారిలో ఖేజ్రీ అని చూపించే చెట్టు మరేదో కాదు, మన దసరా జమ్మే. స్థానికుడైన మార్గదర్శి లేకుండా మాత్రం బయలుదేరకండి.