పరువు నష్టం దావా వేసేముందు: జూనియర్‌కి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లెయింట్ (దావా పత్రం) డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఇంగ్లిష్ బాగుంది. కానీ ఇలాగే ఫైల్ చేస్తే ఎదుటి లాయరు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద ఒక పిటిషన్ పడేసి, కాజ్ ఆఫ్ యాక్షన్, అంటే దావా వేయడానికి తగిన కారణం, లేదు కాబట్టి తిరస్కరించండి అంటాడు. ఆయన తప్పేమీ ఉండదు.

మీ క్లయింట్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ట్రెజరర్. ఆయన చదువు, ఉద్యోగం, సన్మానాలు, గుడికిచ్చిన విరాళాలు కలిపి మూడు పేజీలు రాశావు. అసలు గొడవ దగ్గరికొచ్చేసరికి, ప్రతివాది వాట్సాప్ గ్రూపులో పలుమార్లు అసత్య వ్యాఖ్యలు చేశాడని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. ఏమన్నాడు? ఏ తేదీన? ఎవరెవరు చదివారు? ఆ మాటలు పరువు తీసేవో కావో తేల్చాల్సింది జడ్జిగారు. మాటలే చూపించకపోతే ఆయన దేన్ని చూసి తేలుస్తారు? మెసేజ్ తెలుగులో ఉంటే తెలుగులోనే, అక్షరదోషాలతో సహా, ప్లెయింట్‌లో దించు. అనువాదం దాని కింద ఇవ్వు. స్క్రీన్‌షాట్లు జత చేశాం కదా అని ధీమా పడకు. ప్లెయింట్‌లో లేని సంగతికి సాక్ష్యం ఇవ్వబోతే చీఫ్ (మన సాక్షిని మనమే విచారించే దశ) దగ్గరే అబ్జెక్షన్ వస్తుంది.

ఆ స్క్రీన్‌షాట్లలో ఒకటి నాకు బాగా పట్టింది: ‘ట్రెజరర్ గారి కొత్త కారు అదిరింది. మన లిఫ్ట్ మాత్రం అలాగే ఉంది.’ కొత్తవాళ్లు చదివితే ఇందులో ఏముంది? కారు మెచ్చుకున్నాడు, అంతే. లిఫ్ట్ రిపేరుకని ఇంటింటికీ డబ్బు వసూలు చేశారని, ఆ సంగతి గ్రూపులో అందరికీ తెలుసని, అందుకే చదివినవాళ్లకు ‘డబ్బు తినేశాడు’ అని అర్థమైందని నువ్వు విడిగా రాయాలి. నీ దగ్గరున్న బలమైన మెసేజ్ ఇదే. ఈ డ్రాఫ్ట్‌లో దాని ఊసే లేదు.

తర్వాత సవరించుకోవచ్చులే అనుకుంటున్నావేమో. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 75 ప్రకారం లిఖితపూర్వక పరువు నష్టానికి గడువు ప్రచురించిన రోజు నుంచి ఏడాదే. ప్లెయింట్ తిరస్కరిస్తే ఆర్డర్ 7 రూల్ 13 కింద మళ్లీ దావా వేసుకోవచ్చు, నిజమే. కానీ ఆ ఉత్తర్వు వచ్చేసరికి ఏడాది దాటిపోయి ఉంటే ఏం వేస్తావు? అమెండ్‌మెంట్‌తో కొత్త మెసేజ్ చేర్చబోతే, దానికి కాలదోషం పట్టిందంటారు. ట్రయల్ మొదలయ్యాక, సవరణలకు వీలిచ్చే ఆర్డర్ 6 రూల్ 17 ఇంకా బిగిసిపోతుంది. మెసేజ్ ఇంకా గ్రూపులో కనిపిస్తోంది కాబట్టి గడువు నడుస్తూనే ఉందన్న వాదనా నిలబడటం కష్టం. ఇంటర్నెట్‌లో పెట్టినదానికి మొదట ప్రచురించిన తేదీయే లెక్క అని ఢిల్లీ హైకోర్టు 2013లో చెప్పింది.

గ్రూప్ అడ్మిన్‌ని రెండో ప్రతివాదిగా ఎందుకు పెట్టావు? అతనేం చేశాడో ఒక్క ముక్క రాయలేదు. సభ్యులు పెట్టిన మెసేజ్‌లకు అడ్మిన్ బాధ్యుడు కాడని 2016లో అదే హైకోర్టు ఇలాంటి దావానే తోసిపుచ్చింది. తీసెయ్.

ప్రతివాదిని తాగుబోతు, బ్లాక్‌మెయిలర్ అన్న పేరా కూడా కొట్టెయ్. క్లయింట్ కోపం కొద్దీ చెబుతాడు, మనం టైపు చెయ్యకూడదు. కేసుకు అక్కర్లేని నిందను ఆర్డర్ 6 రూల్ 16 కింద కోర్టు తీయించేస్తుంది. పైగా కోర్టులో దాఖలు చేసిన కాగితం మీద కూడా క్రిమినల్ పరువు నష్టం కేసు పడొచ్చు, ఒకప్పటి ఐపీసీ 499, ఇప్పటి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 356. పరువు పోయిందని కోర్టుకొచ్చిన మనిషిని ముద్దాయిని చేసి పంపకు.

కోటి రూపాయలు అడిగావు. ఎందుకు కోటో లేదు. కోర్టు ఫీజు ఎంతవుతుందో ఆయనకు చెప్పావా?

మధ్యంతర ఇంజంక్షన్ (దావా తేలేదాకా అలాంటి మాటలు ఆపమనే ఉత్తర్వు) అడిగేటప్పుడు కూడా జాగ్రత్త. జీ సంస్థ మీద బ్లూమ్‌బర్గ్ రాసిన కథనం కేసులో సరైన కారణాలు రాయకుండా ఇచ్చిన ఇంజంక్షన్‌ని సుప్రీంకోర్టు 2024 మార్చిలో కొట్టేసింది. జడ్జిగారు కారణాలు రాయాలంటే ముందు మన అఫిడవిట్‌లో ఉండాలి.

క్లయింట్ ఫోన్ మారుస్తానంటున్నాడని అన్నావు. ముందు అది ఆపు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌కి ఆ ఫోన్ కావాలి. మొదటి మెసేజ్‌కి ఏడాది నిండటానికి ఇంకా మూడు వారాలే ఉంది కాబట్టి, మెసేజ్‌లన్నీ తేదీలవారీగా కాగితం మీద పెట్టుకుని ఆదివారం పొద్దున్నే ఇంటికి రా.

పెదనాన్న