జలుబుకి సెలవా అని ఆఫీసులో నవ్వుతున్నారు!

ప్రశ్న: నా వయసు 36. నెలకోసారైనా జలుబు చేస్తుంది, ఒకట్రెండు రోజులు సెలవు పెడతాను. ‘తుమ్ముకి ఒక రోజు, దగ్గుకి రెండు రోజులు’ అని ఆఫీసులో ఆటపట్టిస్తున్నారు. ఆడవాళ్లకంటే మగవాళ్లకి జలుబు బాధ ఎక్కువంటారు, నిజమేనా? ముక్కు దిబ్బడకి రెండు నెలలుగా డ్రాప్స్ వేసుకుంటున్నాను. బాగా ఇబ్బందైతే జలుబు మాత్ర, పారాసిటమాల్, పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ వాడతాను.

జవాబు: మగా ఆడా తేడా సంగతి ఇంకా తేలలేదు. జోకులకు నా దగ్గర మందు లేదు. నాకు టెన్షన్ పెట్టింది మీ డ్రాప్స్. రెండు నెలలా!

పేరు రాయలేదు కానీ, దిబ్బడకి సాధారణంగా వాడేవి ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్. ఇవి ముక్కులోని రక్తనాళాలను కుదిస్తాయి, వెంటనే గాలి ఆడుతుంది. వరసగా కొద్ది రోజులకు మించి వాడితే మందు ప్రభావం దిగగానే లోపలి పొర మళ్లీ వాస్తుంది. మళ్లీ డ్రాప్స్, మళ్లీ వాపు. మీరు జలుబనుకుంటున్న దాంట్లో కొంత ఆ సీసా చలవే కావచ్చు. ఆపిన కొత్తలో దిబ్బడ పెరుగుతుంది. అది తట్టుకోవడానికి డాక్టర్ వేరే స్ప్రే రాయవచ్చు. బీపీ ఉంటే మాత్రం ఇవాళే అడగండి.

పెద్దవాళ్లకి ఏడాదికి రెండు మూడు జలుబులు మామూలే. నెలనెలా, జ్వరం లేకుండా, వరస తుమ్ములు, కళ్ల దురదతో వస్తుంటే అలర్జీ అయ్యుండొచ్చు. చూడకుండా తేల్చి చెప్పలేను, ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.

యాంటీబయాటిక్ ‘మిగిలింది’ అంటే, చెప్పినన్ని రోజులు వాడలేదన్నమాట! జలుబు వైరస్ మీద అది ఎలాగూ పనిచేయదు. చాలా జలుబు మాత్రల్లో పారాసిటమాల్ ముందే ఉంటుంది. పైన మరొకటి వేసుకుంటే లెక్క తప్పుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా అన్నీ కలిపి రోజుకి 4 గ్రాములు దాటకూడదు. కాలేయ జబ్బు, మద్యం అలవాటు ఉంటే పరిమితి ఇంకా తక్కువ.

జ్వరం ఉన్న రోజు సెలవు పెట్టడం తప్పేం కాదు, పక్క సీటు వాళ్లకీ మేలే. నవ్వుతారని జ్వరంతో ఆఫీసుకెళ్లేవాళ్లే నా దగ్గరికి ఆలస్యంగా వస్తుంటారు. మూడు రోజులు దాటిన జ్వరం, ఆయాసం, ఛాతీ నొప్పి, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం... వీటిలో ఏది కనిపించినా ఆగకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ డ్రాప్స్ సీసా, మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి.