జంతికల డబ్బా మూత తీసి చూడు

అమ్మాయీ,

కొవ్వుల మీదా విటమిన్ల మీదా నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. సమాచారంలో పెద్ద తప్పుల్లేవు. కానీ "ఫ్రీ రాడికల్స్ అనే శత్రువులతో విటమిన్లు యుద్ధం చేస్తాయి" అన్న దగ్గర ఆగిపోయాను. 1992లో నేనూ అదే రాశాను, ఇంచుమించు ఆ మాటలతోనే.

వారం తిరక్కుండా ఒక పాఠకుడి కార్డు వచ్చింది. "రోజుకు 20 సిగరెట్లు కాలుస్తాను. క్యారెట్ల మందేదో మాత్రల్లో దొరుకుతుందట కదా, వేసుకుంటే సరిపోతుందా?" నవ్వుకుని పక్కన పెట్టేశాను, జవాబు రాయలేదు. 1994లో ఫిన్లాండ్ ఫలితాలు వచ్చాయి. పొగతాగే మగవాళ్లు 29,133 మంది. కొందరికి బీటా కెరోటిన్ (కార్డులో అడిగిన క్యారెట్ల మందు ఇదే), కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర, ఏళ్ల తరబడి ఇచ్చారు. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో ఇలాంటిదే మరో పరీక్షను 1996లో, గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. ఆ కార్డు ఇంకా నా సొరుగులోనే ఉంది.

అందుకే యుద్ధం వదిలెయ్. సంక్రాంతికి చేసిన జంతికల డబ్బా రెండు నెలల తర్వాత మూత తీసి చూడు. గుప్పుమని పాత నూనె వాసన. కణం పొరలో జరిగేదీ ఆ రసాయన చర్యే. పొర అంటే రెండు వరసల కొవ్వు, అందులో మనం తిన్న నూనెల కొవ్వు ఆమ్లాలూ చేరతాయి. వాటిలో ద్విబంధాలు (రెండు కార్బన్ల మధ్య ఉండే జంట బంధాలు) ఎక్కువుంటే పొర మెత్తగా, కదలికతో ఉంటుంది. చిక్కల్లా అక్కడే. ఫ్రీ రాడికల్, అంటే ఒక ఎలక్ట్రాన్‌కు జత కరువై నిలకడ లేని అణువు, వచ్చి ఆ బంధాల మధ్య నుంచి ఒక హైడ్రోజన్ లాక్కుంటుంది. పోగొట్టుకున్న కొవ్వు ఆక్సిజన్‌ను కలుపుకుని పక్కదాని మీద పడుతుంది, అది ఇంకోదాని మీద. చివరికి ముక్కలై ఆల్డిహైడ్లనే ఘాటు పదార్థాలు పుడతాయి. డబ్బాలో ముక్కుకు తగిలే వాసన వాటిదే. కణంలో పుడితే ప్రోటీన్లకూ డీఎన్ఏకూ అంటుకుంటాయి.

ఈ వరసను మధ్యలో తెంపేది విటమిన్ ఇ. తన హైడ్రోజన్ ఇచ్చేసి, తను పెద్దగా గొడవ చెయ్యని రాడికల్‌గా మిగులుతుంది. దాన్ని మళ్లీ మామూలు మనిషిని చేసేది విటమిన్ సి. (1922లో బర్కిలీలో ఎవాన్స్, బిషప్ విటమిన్ ఇ జాడ పట్టుకున్నప్పుడు వాళ్ల బెంగ కొవ్వు గురించి కాదు, ఆడ ఎలుకలకు గర్భం నిలవకపోవడం గురించి. వ్యాసంలో ఈ ముచ్చటకు చోటివ్వు.)

"మంచి కొవ్వు, చెడ్డ కొవ్వు" పట్టిక తీసెయ్. చేప నూనెను మంచి గడిలో పెట్టావు, సరే. కానీ ద్విబంధాలు ఎక్కువ కాబట్టి అన్నిటికన్నా ముందు వాసన పట్టేదీ అదే. ఆ ముక్క పట్టికలో ఎక్కడ పెడతావు?

పాలకూర పప్పు పేరా మాత్రం ముట్టుకోకు. పోపులో నూనె లేకపోతే ఆకులోని బీటా కెరోటిన్ ఒంటికి సరిగా పట్టదని మీ అమ్మ గరిటె సాక్షిగా చెప్పావు, బాగా కుదిరింది.

వ్యాసం తిరగరాయడం తర్వాత. ముందు ఆ కార్డుకు అర పేజీలో జవాబు రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
బాబాయి