బేస్‌బాల్ లెక్కలు వేస్తూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో స్టాటిస్టిక్స్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. డేటా సైన్స్ ఉద్యోగాలకు అప్లై చేయమంటే కెర్షా అనే బేస్‌బాల్ పిచర్ (బంతి విసిరేవాడు) లెక్కలు ముందేసుకుని కూర్చుంటున్నాడు. లోన్ ఉంది. ఏ దారి మేలు?
– ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, మీ భయం బేస్‌బాల్ గురించి కాదు, లోన్ గురించి. ఈ ప్రాజెక్టుతో కొంపేమీ మునగదు. ఎలా చేస్తున్నాడన్నదే ముఖ్యం.

క్లేటన్ కెర్షా ఎడమచేతి పిచర్. 2008 నుంచి 2025 వరకు లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్‌కే ఆడాడు. కుడి, ఎడమచేతి బ్యాటర్ల మీద అతని అంకెలు విడదీయడం తేలికే, డేటా బేస్‌బాల్ సావంట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. సీజన్‌లో ఎడమచేతివాళ్లు 150 సార్లే ఎదురయ్యారనుకుందాం. ఆన్-బేస్ (బ్యాటర్ ఔట్ కాకుండా బేస్ చేరే నిష్పత్తి) .320 ఉంటే స్టాండర్డ్ ఎర్రరే, అంటే అదృష్టం వల్ల అంకె అటూ ఇటూ ఊగే మేరే, .038 దాకా ఉంటుంది. అలాంటప్పుడు కుడి, ఎడమచేతివాళ్ల మధ్య .040 తేడా చూసి తీర్పు చెప్పకూడదు. పక్కపక్కనే ఉన్న మూడు సీజన్లు కలిపి, వచ్చిన తేడాను లీగ్ సగటు వైపు కొంత జరపాలి. 2013 కెర్షానూ, వేగం తగ్గిన 2024 కెర్షానూ ఒకే కుప్పలో పోయకూడదు.

ఇంకా రెండు గోతులున్నాయి. 2022కి ముందు డాడ్జర్స్ ఆడే నేషనల్ లీగ్‌లో, 2020 తప్ప, బ్యాటింగ్ అంతగా రాని పిచర్లూ బ్యాటింగ్ చేసేవారు. వాళ్లను తీసేయకపోతే కెర్షా లేనంత గొప్పగా కనిపిస్తాడు. పైగా ఎడమచేతి పిచర్‌ను ఆడటం ఎడమచేతి బ్యాటర్లకు కష్టం కాబట్టి, అలాంటివాడు వస్తున్నాడంటే ఎదుటి మేనేజర్ బలహీనమైన ఎడమచేతి బ్యాటర్లను బెంచ్ మీదే ఉంచుతాడు. అంటే అతనికి ఎదురయ్యే ఎడమచేతివాళ్లలో ఎక్కువమంది గట్టివాళ్లే. మీవాడు వీటికి జవాబు చెప్పగలిగితే వాడు టైంపాస్ చేయట్లేదు.

అయితే 'స్పోర్ట్స్ అనలిటిక్స్' సర్టిఫికెట్ల మోజు మీద నాకు నమ్మకం లేదు. పెద్ద లీగ్‌లో ఉన్నవి 30 జట్లే, పోటీ విపరీతం. మొదట దొరికేవి చాలావరకు సీజన్ వరకే ఉండే పోస్టులు. ఓపీటీలో (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పని చేసుకునే అనుమతి) ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు, సీజన్ అయిపోగానే ఆ లెక్క మళ్లీ నడుస్తుంది. సైన్స్, టెక్నాలజీ, లెక్కల డిగ్రీలవాళ్లకు ఆ ఓపీటీని పెంచే స్టెమ్ పొడిగింపు కావాలంటే జీతమిచ్చే, ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉన్న సంస్థ ఉండాలి. ఒక్క బేస్‌బాల్‌నే నమ్ముకుంటే ఇబ్బందే.

మీకూ ఒక మాట, కటువుగానే చెబుతున్నాను. రోజూ ఫోన్‌లో ఈఎంఐ గుర్తుచేయడం మానండి. ఆ ఒత్తిడికే పిల్లలు దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టించే కన్సల్టెన్సీల పాలవుతున్నారు. మీవాడి చేతిలో ఉన్నది నిజమైన పని. కొద్దిపాటి డేటాను సగటు వైపు జరిపి అంచనా వేయడం ఇన్సూరెన్స్ కంపెనీల్లో నిత్యం చేసేదే. ప్రాజెక్టు కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ అందరికీ చూపే వెబ్‌సైట్) పెట్టి, డేటాబేస్‌ల నుంచి డేటా తీసే భాష ఎస్‌క్యూఎల్ గట్టి చేసుకుని, ఇన్సూరెన్స్, బ్యాంకింగ్ కంపెనీలకు ఇప్పుడే అప్లై చేయమనండి. జట్లకు సీజన్ ముగిశాక, అక్టోబరు చివరి నుంచి పంపుకోవచ్చు.